దానము చేసిన మూత్రపిండము – దానిని నిలుపు మందుల వెల

దానమును గూర్చి మన పురాణములు చెప్పిన కథలలో దధీచి కథయు, శిబి కథయు విననివా రరుదు. ఒకరు తన యెముకల నిచ్చెను. ఒకరు తన మాంసమును కోసి త్రాసునం దుంచెను. ఆ కథలు దానము చేసిన క్షణముతోనే ముగియును. దేవతలు పుష్పవర్షము కురిపింతురు, వినినవారు చేతులు జోడింతురు, మరునా డేమి జరిగెనని యెవరును అడుగరు. మన కాలమున తల్లి బిడ్డకు మూత్రపిండము నిచ్చుచున్నది. భార్య భర్త కిచ్చుచున్నది. మరణించినవాని బంధువులు ముఖమైన నెరుగని పరునకు దాని నిప్పించుచున్నారు. ఈ దానమునకు మాత్రము మరునా డున్నది. పుచ్చుకొన్నవాడు ఆ మరునాడు మొదలుకొని, ఆ యవయవము పనిచేయునంత కాలము, ఉదయ సాయంకాలములందు గడియారము చూచుకొని మందుబిళ్లలు మ్రింగవలెను. ఆ బిళ్లలకు వెల గలదు. ఆ వెల యెట్లు పుట్టెను, ఎచ్చట నెందువలన తగ్గెను, దానిని చెల్లింపలేనివారి గతి యేమయ్యెను అను చరిత్రము శస్త్రవైద్యుల విజయములను వర్ణించు గ్రంథములలో నొక మూలను మాత్రమే కనబడును. ఆ మూలను కొంత వెలుగులోనికి దెచ్చుటకే యీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మన శరీరము పరాయిదానిని సహింపదు. వ్యాధిక్రిముల నెదిర్చి మనలను కాపాడు శక్తియే, ప్రాణము నిలుపవచ్చిన పరుని మూత్రపిండమును గూడ శత్రువుగా నెంచి నాశనము చేయును. 1954వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన బోస్టను నగరమున జోసెఫ్ మర్రే యను వైద్యుడు మొదటిసారిగా ఒకని మూత్రపిండమును వేరొకనికి కలకాలము నిలుచునట్లు అమర్చెను. ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఒకే పోలికగల కవలలు. వారి శరీరములు రెండును ఒకదాని నొకటి పరాయిదానిగ నెంచలేదు గనుక మందుల పని లేకపోయెను. కాని కవలసోదరుడు గల రోగు లెందరు? తక్కినవారి కొరకు ఆ రక్షణశక్తిని అణచు సాధనము కావలసివచ్చెను. మొదట శరీరమంతటికి కిరణములు సోకించి చూచిరి. ఆ ప్రయత్నమున పెక్కుమంది రోగులు మరణించిరి.

సాధనము వేరొక దారిని వచ్చెను. జార్జి హిచ్చింగ్సు, గెర్‌ట్రూడ్ ఎలియను అనువారు న్యూయార్కు ప్రాంతమున బరోస్ వెల్‌కం సంస్థలో రక్తకర్కటమునకు మందులు వెదకుచుండిరి. ఎలియను 1937లో రసాయనశాస్త్రమున పట్టము పొందియు, ఆడుదన్న కారణముచే చాలకాలము పరిశోధనశాలలో నుద్యోగము దొరకక తిరిగిన స్త్రీ. వారు కనుగొన్న మందు కుందేళ్లలో రక్షణశక్తి నణచునని 1959లో బోస్టనులోని ఇరువురు వైద్యులు తెలిపిరి. మరుసటి యేట రాయ్ కాన్ అను ఆంగ్లవైద్యుడు కుక్కలలో పరీక్షించెను. దానినుండియే అజాథయొప్రీన్ పుట్టెను. 1962లో మర్రే ఆ మందు సాయముతో మృతుని మూత్రపిండమును అమర్చి కృతార్థుడయ్యెను. మరుసటి యేట థామస్ స్టార్‌జల్ అజాథయొప్రీనుకు ప్రెడ్నిసోనును జోడించెను. ఇరువది సంవత్సరములు లోకమంతటను ఈ జంటయే దిక్కయ్యెను. ఈ తెగ మందులు నేటికిని అగ్గువ మందులలోనివే.

ఇచ్చట మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని తలపక ముందునకు పోజాలము. అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఆయన యాజమాన్యమున ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన పదార్థములు తయారైనవి. వానిలో నొకటి నేడు మెథొట్రెక్సేట్ అను పేర కర్కటమునకే కాక, కీళ్లవాతము మున్నగు వ్యాధులలో రక్షణశక్తి నణచుటకును వాడబడుచున్నది. ఆయన 1948లోనే గతించెను. ఆ మందు మాత్రము మన తెలుగుదేశపు ముసలమ్మల సందుకపెట్టెలలో నేటికి నున్నది. (దానిని కీళ్లవాతమునకు వారమున కొక్కమారే వాడవలెను, దినదినము వాడి ప్రాణముమీదికి దెచ్చుకొన్నవా రున్నారు గనుక ఈ మాట చెప్పుచున్నాము.)

వెల కథ నిజముగా మొదలైనది సైక్లోస్పోరినుతో. స్విట్జర్లాండు దేశములోని బాసెలు నగరపు సాండోజ్ సంస్థవారు తమ యుద్యోగులు విహారమునకు పోయినచో నచ్చటి మట్టిని కొంచెము తెమ్మని కోరుట వాడుక. ఆ మట్టిలోని బూజులనుండి క్రొత్త మందులు దొరకునేమో యని వారి యాశ. నార్వేదేశపు హార్డంగర్‌విడ్డ పీఠభూమినుండి వచ్చిన మట్టిలో నొక బూజు దొరకెను. దాని సారము రక్షణశక్తిని అణచుచు నెముకల మూలుగును మాత్రము చెరుపదని 1972లో తేలెను. 1978లో కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ రోగుల కిచ్చి చూచెను. 1983 నవంబరులో అమెరికా ప్రభుత్వము అమ్మకమునకు అనుమతించెను. మృతులనుండి గ్రహించిన మూత్రపిండములు ఒక సంవత్సరము నిలుచుట అంతకుముందు నూటికి అరువది దాటుట కష్టముగా నుండగా, ఈ మందుతో ఎనుబది దరిదాపునకు వచ్చెను. గుండెను, కాలేయమును మార్చుట అంతవరకు సాహసకార్యముగా నుండి, అప్పటినుండి చికిత్స యయ్యెను.

కాని ఆ మందునకు అమెరికాలో ఏటికి అయిదువేల డాలర్ల వరకు పట్టుచుండెను. పేటెంటు ఒకే సంస్థది, అమ్మువా డొక్కడే, కొనువాడు మానిన ప్రాణము నిలువదు. ఇట్టి బేరమున వెల యెవరి చేతిలో నుండునో చదువరులే యూహించుకొనగలరు.

అమెరికా శాసనసభ యీ విషయమున నడచిన దారిని కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన అంతటి ధనికరాజ్యమునకు ఒక చిన్న లెక్క తెలిసికొనుటకు ముప్పదినాలుగేండ్లు పట్టినది. వృద్ధుల కొరకు 1965లో అచ్చట మెడికేర్ అను ప్రభుత్వపు బీమా ఏర్పడెను. 1972లో శాసనసభవారు మూత్రపిండములు రెండును చెడినవారిని, వయసుతో నిమిత్తము లేకయే, ఆ బీమాలో చేర్చిరి. యంత్రముచే రక్తము శుద్ధిచేయు డయాలిసిస్ ఖర్చును, మూత్రపిండము మార్పించుకొను ఖర్చును ప్రభుత్వమే భరింపసాగెను. అప్పటికి మరి యే వ్యాధికిని అట్టి హక్కు లేదు. ఇంతవరకు పొగడదగిన కార్యమే. అయితే ఇంటికి తీసికొనిపోయి మ్రింగు మందులకు ఆ బీమా డబ్బియ్యదు. శస్త్రచికిత్సకు వేలకొలది డాలర్లు ప్రభుత్వ మిచ్చును; ఆ శస్త్రచికిత్సను నిలబెట్టు బిళ్లలకు రోగియే తడుముకొనవలెను.

1986లో ఈ లోపమును దిద్దుటకు ఒక చట్టము చేసిరి. మార్పిడి జరిగిన తరువాత ఒక సంవత్సరము వరకు మందుల ఖర్చులో పెద్దభాగము మెడికే రిచ్చును. పదమూడవ నెలలో? ఆ ప్రశ్నకు చట్టమున సమాధానము లేదు. శరీరమునకు పంచాంగము తెలియదు. పన్నెండు నెలలు గడచినవని అది పరాయి మూత్రపిండముతో రాజీపడదు. 1993లో ఆ గడువును క్రమక్రమముగా మూడేండ్లకు పెంచిరి. 2000లో అరువదియైదేండ్లు నిండినవారికిని, అంగవైకల్యము గలవారికిని గడువును పూర్తిగా తీసివేసిరి. మిగిలినవారు నడివయసువారు, సంసారభారము మోయువారు. మూత్రపిండము మార్పించుకొని ఆరోగ్యవంతులైరి గనుక ముప్పదియారు నెలలు నిండగానే బీమాయే పోయెడివారు. ఉద్యోగము లేనివాడు, ఉన్నను యజమాని బీమా యియ్యనివాడు ఏమి చేయవలెను? కొందరు బిళ్లలను సగము చేసిరి, కొందరు దినము విడిచి దినము మ్రింగిరి, కొందరు మానివేసిరి. అవయవము చెడినది. చెడినంతనే ఆ మనుజుడు మరల డయాలిసిస్ యంత్రము దగ్గరకు పోవుటకు హక్కుదారు డగుచుండెను! బిళ్లల కియ్యనని చేయి ముడిచిన ప్రభుత్వమే, బిళ్లల ఖర్చునకు అనేక రెట్లైన యంత్రపు ఖర్చును మారుమాటలేక చెల్లించుచుండెను.

ఈ యవివేకమును వైద్యులును రోగులును ఏటేట శాసనసభకు విన్నవించిరి. గడువు తీసివేసిన ఖర్చు పెరుగునని కొందరు వాదించిరి. చివరకు 2019లో ఆ ప్రభుత్వపు ఆరోగ్యశాఖవారి లెక్కయే ఖర్చు తగ్గునని తేల్చెను. 2020 డిసెంబరులో చట్టమయ్యెను. 2023 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. వేరు బీమా లేనివారు నెలకు కొంత రుసుము – ఆ మొదటి యేట అది 97 డాలర్ల 10 సెంట్లు – చెల్లించి ఈ మందుల వరకు జీవితాంతము సహాయము పొందవచ్చును. ఈ నడుమ నెన్ని మూత్రపిండములు వ్యర్థమయ్యెనో, వాని నిచ్చిన సోదరులును తల్లులును ఏమనుకొనిరో ఏ శాసనసభ కార్యక్రమములోను వ్రాయబడలేదు.

ఇక మన దేశమునకు వత్తము. 1911లో ఆంగ్లప్రభుత్వము చేసిన పేటెంటు చట్టము స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను చాలకాలము మన నెత్తిపై నుండెను. దానిని పరిశీలించుటకు 1948లో బక్షి టేక్‌చంద్‌గారి యాధిపత్యమున ఒక సంఘము నియమింపబడెను. పిదప న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదిక ఈ విషయమున మూలగ్రంథము వంటిది. మన దేశమున నీయబడిన పేటెంటులలో నూటికి ఎనుబదినుండి తొంబది వరకు విదేశీయులవే యనియు, వానిలో నూటికి తొంబదికి పైగా నిచ్చట పనిలో పెట్టబడనే లేదనియు ఆయన చూపెను. అనగా ఆ పేటెంటులు మన దేశమున వస్తువు తయారగుటకు కాక, తయారు కాకుండ నడ్డుటకే యుపయోగపడుచుండెను. 1961లో అమెరికా శాసనసభలోని కెఫావర్ సంఘమువారు సయితము, కొన్ని ముఖ్యమైన మందుల వెలలు లోకమున నత్యధికముగ నున్న దేశములలో భారతదేశ మొకటియని వ్రాసిరి. బీదదేశమున మందు ప్రియముగ నుండుటకు ప్రకృతి కారణము కాదు, చట్టమే కారణమని అప్పటికి పెద్దలకు తెలిసెను. 1970లో పార్లమెంటు క్రొత్త పేటెంటు చట్టము చేసెను; అది 1972 ఏప్రిలు 20వ తేదీనుండి అమలయ్యెను. దాని ప్రకారము మందుపై పేటెంటు లేదు. మందు చేయు విధానముపై మాత్రమే, అదియు నేడేండ్లకు మించకుండ, పేటెంటు గలదు. వేరు విధానమున చేయగలవాడు అదే మందును చేసి యమ్ముకొనవచ్చును.

అప్పటికే హైదరాబాదున ప్రభుత్వపు ఔషధకర్మాగారము వెలసియుండెను. అచ్చట పనిచేసి వచ్చిన రసాయనశాస్త్రజ్ఞులలో గొందరు సొంత సంస్థలు స్థాపించిరి. 1984లో రెడ్డి ల్యాబొరేటరీస్ స్థాపించిన అంజిరెడ్డిగారు వారిలో నొకరు. మన దేశమున మొదటి మూత్రపిండపు మార్పిడులలో పేరెన్నికగన్నది 1971లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో జరిగినది. నాటి రోగులకు అజాథయొప్రీనును ప్రెడ్నిసొలోనునే ఆధారము. సైక్లోస్పోరిన్ విదేశమునుండి వచ్చునంతకాలము అది ధనికుల మందుగా నుండెను. 1970 చట్టపు నీడను మన సంస్థలు దానిని తామే తయారుచేయ నారంభించిన తరువాత మధ్యతరగతివారికి గొంత యందుబాటులోనికి వచ్చెను. జపానుదేశపు సుకుబా ప్రాంతపు మట్టినుండి 1984లో దొరకిన టాక్రోలిమస్, 1893లో ఇటలీలో గోసియో యను వైద్యుడు చెడిన మొక్కజొన్నలను పరీక్షించుచు బూజునుండి తీసిన పదార్థమునుండి నూరేండ్ల తరువాత మందైన మైకోఫినొలేట్ – ఇవియు నదే దారిని మన దేశమున చేయబడినవి. అమెరికాలో టాక్రోలిమస్ పేటెంటు 2008లో తీరెను. ఆ తరువాతనే అచ్చటివారికి అగ్గువ రకములు దొరకినవి. వానిలో హైదరాబాదు సంస్థ చేసినదియు నొకటి.

2005నుండి మన దేశమున మందులపై ఇరువదియేండ్ల పేటెంటు మరల వచ్చినది. పైని చెప్పిన మందులు అంతకుముందు కనుగొనబడినవగుటచే వాని కిది తగులలేదు. ఇకముందు రాబోవు మందుల సంగతి వేరు; అచ్చట చట్టములోని సడలింపులను ప్రజలు మేలుకొని కాపాడుకొనవలసియుండును.

వెల తగ్గించుటకు వైద్యులు చేసిన ప్రయత్నములును చెప్పదగినవి. మన దేశమున చాల ఆసుపత్రులలో ఒక యేడాది గడచిన పిదప, రోగి డబ్బు పెట్టలేడని, సైక్లోస్పోరినును మెల్లగా మాన్పి అజాథయొప్రీనుపై నిలిపెడివారు. కొందరి కది సరిపోయెను. కొందరి శరీరములు ఆ సమయమున నెదురుతిరిగినవి. ఇంకొక యుపాయము చమత్కారమైనది. సైక్లోస్పోరినును మన కాలేయము హరించివేయును. రక్తపుపోటునకు వాడు డిల్టియజెమ్, బూజువ్యాధులకు వాడు కీటోకొనజోల్ అను మందులు ఆ హరించు శక్తిని తగ్గించును. కావున వీనిని చేర్చి యిచ్చినచో తక్కువ సైక్లోస్పోరిన్ చాలును. కీటోకొనజోలుతో మూడింట రెండువంతులకు మించి మందు మిగిలెనని 1989లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. మన దేశపు వైద్యులు దీనిని బీదరోగుల కొరకు వాడుకొనిరి. ఇది చదివి యింటిలో నెవరైన ప్రయోగము చేయబూనుదురేమో యని భయపడుచున్నాము. ఈ మందులు రక్తములో కొంచెము తగ్గిన అవయవము పోవును. కొంచెము పెరిగిన ఆ మందే మూత్రపిండమును చెరుపును. కీటోకొనజోల్ కాలేయమునకు హాని చేయవచ్చును. రక్తపరీక్షలతో, వైద్యుని కంటిముందు మాత్రమే చేయవలసిన పని యిది.

గృహస్థులు చేయదగినవి వేరుగా నున్నవి. మొదటిది, ప్రియమైన పేరుగల మందునకు బదులు అదే మందు అగ్గువ రకము గలదా యని వైద్యుని మొగమాటము లేక యడుగుట. అడుగుట అవమానమని మనవారు తలంతురు. వైద్యులలోను ఆ ప్రసంగము తామై తెచ్చువారు కొందరే. 2008లో ఆరంభమైన జనౌషధి దుకాణములలో అగ్గువ మందు లమ్మబడుచున్నవి. కావలసిన మందు ఆ దుకాణమున నున్నదో లేదో ముందుగ తెలిసికొనవలెను. అయితే ఒక రకమునుండి వేరొక రకమునకు మారునపుడు వైద్యునకు చెప్పి, తరువాత రక్తములో మందు పాళము చూపించుకొనుట తప్పనిసరి. ఒక సంస్థవారి టాక్రోలిమస్ మూలమందుతో సమానముగ పనిచేయునని చెప్పజాలమని 2023లో అమెరికా ఔషధశాఖ తన పట్టికలో దాని శ్రేణిని మార్చెను. నెలకొక దుకాణమున నెలకొక రకము కొనుట ఆదా కాదు.

రెండవది, ప్రభుత్వపు సహాయము. అవయవముల మార్పిడికై కేంద్రప్రభుత్వ మేర్పరచిన కార్యక్రమమున బీదలకు ఈ మందుల కొరకు నెలకు 10,000 రూపాయలకు మించకుండ నిచ్చు నేర్పాటు కలదు. 2007లో తెలుగుదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీలో మూత్రపిండపు మార్పిడియు, తదనంతరపు మందులును చేర్చబడినవి. ఎంతకాలము, ఏ మందులు అను నియమములు రాష్ట్రమును బట్టియు ఏండ్లను బట్టియు మారుచుండును గనుక, శస్త్రచికిత్సకు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, పదమూడవ నెల సంగతి యేమని తేల్చుకొనవలెను. మా యెరుకలో చాలమంది శస్త్రచికిత్స ఖర్చునకు పొలమమ్మి, అప్పుచేసి సిద్ధపడుదురు. తరువాతి పదియేండ్ల మందుల లెక్క కాగితముపై వేసికొన్నవారు తక్కువ.

ఇచ్చట స్త్రీల మాట యెత్తక తప్పదు. మన దేశమున బ్రతికియుండి మూత్రపిండము దానము చేయువారిలో నధికసంఖ్యాకులు స్త్రీలు; పుచ్చుకొనువారిలో నధికసంఖ్యాకులు పురుషులు. తల్లియు భార్యయు ఇచ్చుచున్నారు, కుమారుడును భర్తయు పుచ్చుకొనుచున్నారు. భార్యకు మూత్రపిండములు చెడినప్పుడు ఎందరు భర్తలు ముందునకు వచ్చుచున్నారని అడిగిన, ఆసుపత్రి దాఖలాలు మనలను తలదించుకొనునట్లు చేయును. ఇట్లిచ్చిన స్త్రీకి ఆ యవయవముపై నిక నే యధికారమును లేదు. ఇంటి ఖర్చులలో దేనిని తగ్గింపవలెనని పురుషులు కూర్చుండి యోచించునపుడు ఆమె వంటయింటిలో నుండును. మందుల ఖర్చు కుదించిన నాశనమగునది తన దేహములోని భాగమని ఆమెకు చెప్పువాడు లేడు. చెప్పిన, తన పుస్తెలనైన నమ్మి మందు తెప్పించును.

మందు మానుట చాల సందర్భములలో పెద్దల యోచనతో జరుగదు. రోగియే, ఇంటికి భారమైతినని కుంది, చెల్లెలి పెండ్లియో తమ్ముని చదువో తలచుకొని, ఎవరితోను చెప్పక రాత్రి బిళ్లను విడిచిపెట్టును. మొదటి నెలలలో నేమియు కాదు; ఒడలు బాగుగనే యుండును; ధైర్యము కలుగును. రక్తపరీక్షలో దోషము కనబడునప్పటికి తరచుగా నాలస్యమైపోయియుండును. పదునారు మొదలు ఇరువదియేండ్ల వయసువారిలో నిది మరింత యధికము. నెలాఖరునకు డబ్బాలో మిగులవలసినవానికంటె నెక్కువ బిళ్లలు మిగిలియున్నచో, దానిని మొదట చూడగలవారు ఇంటివారే. చూచి, కోపపడక, ఎందుకు మిగిలినవని నెమ్మదిగ నడుగవలెను. ఆ నెల మందులకు డబ్బు ఎచ్చటనుండి వచ్చినదో కూడ ఆ రోగియెదుటనే చెప్పవలెను.